బొమ్మ వ్రాయువాని బొమ్మ

వృద్ధుని ముఖమును చిత్రించుట కంటె యువకుని ముఖమును చిత్రించుట కష్టమని నాకు చిరకాలముగా తోచుచున్నది. వృద్ధుని విషయమున చిత్రకారుని కంటె ముందే కాలపురుషుడు కూర్చుండి సగము పని ముగించి యుండును. నొసటి ముడుతలలో, కనురెప్పల బరువులో, పెదవుల చివర నిలిచిన చేదులోనో శాంతిలోనో ఒక జీవితచరిత్ర సిద్ధముగా నుండును గనుక, చేయి తిరిగినవాడు దానిని ఓపికతో చూచి వ్రాసికొన్న చాలును. యువకుని ముఖమున అట్టి సహాయమేదియు దొరకదు. అందు జరిగినది స్వల్పము, జరుగవలసినది సర్వము. ఇంకను జరుగని దానిని రంగులతో చూపుట యెట్లు? ఈ చిక్కు నుండి తప్పించుకొనుటకే కాబోలు, పూర్వకాలపు ఐరోపా చిత్రకారులు యువకుల చేతులలో ఏదో యొక వస్తువు నుంచుచు వచ్చిరి: ఒకని చేత ఖడ్గము, ఒకని చేత గ్రంథము, వెనిస్ నగరపు తిషియన్ చిత్రించిన ఆ సుప్రసిద్ధ యువకుని చేత ఒక తోలు చేతొడుగు. ఆ వస్తువు వాని వంశమును చెప్పును, సంపదను చెప్పును, లోకము వానిని ఎట్లు గౌరవింపవలెనో కూడ చెప్పును. వాడెవడో మాత్రము చెప్పదు. అట్టి పటముల యెదుట నిలిచినప్పుడెల్ల, పెండ్లిచూపులకు కూర్చుండబెట్టిన పిల్లవానిని చూచుచున్నామేమో యను సంకోచము నన్ను విడువదు.

1867లో పియేర్ ఓగుస్త్ రెన్వార్ తన స్నేహితుడైన ఫ్రెదెరిక్ బజీయ్‌ను చిత్రించినప్పుడు ఈ చిక్కును వేరొక రీతిగా విడదీసెను. ఆ పటము పారిస్‌లోని ఓర్సే ప్రదర్శనశాలకు చెందినది. ఎత్తు 105 సెంటీమీటర్లు, వెడల్పు 73న్నర. అనగా మహాసౌధముల గోడలు నింపుటకు వ్రాసినది కాదు. చిత్రకారునికిని, చిత్రింపబడినవానికిని పాతికేండ్ల ప్రాయము. ఇరువురి పేరును పారిస్‌లో ఎవరును అప్పటికి ఎరుగరు. ఎవరో ధనికుడు కోరి వ్రాయించుకొన్నది కాకపోవుట చేతనే, మెప్పింపవలసిన వారెవరును ఎదుట లేకపోవుట చేతనే, ఇందలి స్వేచ్ఛ యింత సహజముగా నున్నదని నా నమ్మకము.

ఇందలి బజీయ్ మన వైపు చూడడు. కుర్చీలో ముందునకు వంగి, ఈజెలుపై నున్న తన కాన్వాసునందే దృష్టి నిలిపి, రంగుల పలకయు కుంచెయు పట్టుకొని బొమ్మ వ్రాయుచున్నాడు. మనకు దక్కునది ప్రక్క మొగము మాత్రమే: ఒక కణత, ఒక చెవి, పలుచని గడ్డము, క్రిందికి వాలిన చూపు. స్నేహితుల గుంపులో అందరికంటె పొడగరియైన ఈ మనుష్యుడు, తన పొడవును ఎచ్చట దాచుకొనవలెనో తెలియనివాని వలె, వీపు వంచి, కాళ్ళు ముడిచి, ఆ కుర్చీలో ఎట్లో ఇమిడియున్నాడు. గది యంతయు బూడిద వన్నె. గోడ బూడిద వన్నె, కోటు లేత బూడిద వన్నె, వెలుతురు సైతము పారిస్ నగరపు మబ్బు పట్టిన పగటి బూడిద వన్నె. ఆ వన్నెల నడుమ పాదరక్షల యొద్ద తోచీ తోచని యెరుపు ఒకటి మెరయును. అది లేకున్నచో పటమంతయు నిద్రించి యుండెడిది.

నన్నడిగినచో ఈ పటమున ప్రధానమైనది ముఖము కాదు, వీపు. అలంకరించుకొని చిత్రకారుని ఎదుట కూర్చున్నవాని వీపు ఎన్నడును అట్లు వంగదు. అది నిటారుగా నుండును, లేదా సోమరితనమును అభినయించుచు నుండును. మగ్గపు గుంటలో కూర్చున్న నేతగాడు వీథిని పోవువారి నెట్లు గమనింపడో, అట్లే ఇతడును తన్నొకడు చిత్రించుచున్నాడను మాటను మరచినాడు. మరచుట యనునది అభినయమునకు లొంగనిది. మరచితినని ఎంత చక్కగా నటించినను, మెడలో ఎచ్చటనో ఒక నరము ఆ గుట్టు బయట పెట్టును. రెన్వార్ ఆ వంపును పట్టుకొన్నాడు. చేయవలసిన పని ఎదుట ఉండగా యువకుడెట్లుండునో చూపుటతోనే, అంతకు ముందు చెప్పితినే, జరుగని దానిని చూపుట యెట్లను ప్రశ్నకు సమాధానము దొరకినది. కాన్వాసుపై బొమ్మ ఇంకను పూర్తి కాలేదు. దాని ముందు కూర్చున్న మనిషియు పూర్తి కాలేదు. ఆ రెంటి నడుమ కుంచె కదలుచున్నది.

ఈ ఇరువురి స్నేహము విచిత్రమైనది. రెన్వార్ లిమోజ్‌లో పుట్టిన దర్జీ కొడుకు. బాల్యముననే పింగాణీ పాత్రలపై పూవులు వ్రాయు పనికి కుదిరి, ఆ కూలి డబ్బులతో పైకి వచ్చినవాడు. బజీయ్ దక్షిణదేశమున మోంపెల్యే నగరపు సంపన్న ప్రొటెస్టెంటు కుటుంబమున జన్మించి, ద్రాక్షతోటల నడుమ పెరిగినవాడు. 1862లో తల్లిదండ్రులు అతనిని పారిస్‌కు పంపినది వైద్యవిద్యకై. అతడు ఉదయమున శవపరీక్షల గదికిని, తీరిక దొరకినప్పుడెల్ల గ్లేర్ అను చిత్రకారుని శిక్షణాలయమునకును పోవుచు, రెండు పడవలపై కాళ్ళుంచి ఏండ్లు గడపి, 1864లో వైద్యపరీక్ష తప్పినాడు. ఇట్టి పరాజయములు మన ఇండ్లలో సంభవించినప్పుడు జరుగు గొడవ తలచుకొన్నచో, మోంపెల్యేలోని ఆ తండ్రి అటుపై బొమ్మలు వ్రాసికొనుటకు అనుమతించి నెలనెలా డబ్బు పంపుచుండుట సామాన్యమైన ఔదార్యము కాదనిపించును. గ్లేర్ వద్దనే అతనికి మోనే, రెన్వార్, సిస్లీలు పరిచితులైరి. ఆ నలుగురిలో చేతిలో నికరముగా డబ్బాడినది ఎక్కువగా బజీయ్‌కే. ఆ కారణమున అతని గదియే అందరికిని సత్రమయ్యెను.

విస్కోంతి వీథిలోని ఆ గదిలో రెన్వార్ బజీయ్‌తో కలిసి యుండెడివాడు. 1867 ఆరంభమున మోనే కూడ తన పటములన్నియు మోసికొని వచ్చి అందు దిగినాడు. చితికిపోయిన ఇద్దరు చిత్రకారులకు ఆశ్రయమిచ్చి తన గది వైద్యశాల వలె నున్నదని బజీయ్ ఇంటికి హాస్యముగా వ్రాసెను. వైద్యవిద్య వృథా పోలేదన్నమాట. నిజమునకు అంతకు రెండేండ్ల ముందు, ఫోంతేన్‌బ్లో అరణ్యము చెంత షయి గ్రామమున, మోనే కాలికి గాయమై మంచము పట్టినప్పుడు, పైనుండి నీరు బొట్లుబొట్లుగా గాయముపై పడునట్లు ఒక అమరిక చేసి చికిత్స జరిపినవాడు ఈ సగము వైద్యుడే. రోగి కదలక పడియుండుట మంచి అవకాశమని తలచి, ఆ మంచమును, విసిగిన ముఖముతో నున్న మోనేను, నీళ్ళ పాత్రను కలిపి బొమ్మయు వ్రాసినాడు. రోగిని చూచి జాలిపడుచునే రంగులు కలుపుకొను ఈ గుణము చిత్రకారులందరిలో నుండును. దానిని నేను దయలేనితనమని యనను.

అట్టి గదిలో ఒకరి నొకరు చిత్రించుకొనుట కేవలము స్నేహలక్షణమని భ్రమింపరాదు. ఎదుట కూర్చుండుటకు మనుష్యులను కుదుర్చుకొనవలెనన్న గంటలకు లెక్క కట్టి డబ్బీయవలెను. స్నేహితుడు ఉచితముగా కూర్చుండును. కళాచరిత్రలలో మహత్తరములుగా కొనియాడబడు మిత్రచిత్రములలో ఎన్నిటికి మూలము మైత్రియో, ఎన్నిటికి మూలము దారిద్ర్యమో వేరు చేయుట కష్టము. రెన్వార్ తన్ను చిత్రించిన ఆ సంవత్సరముననే బజీయ్ రెన్వార్‌ను చిత్రించెను. అందు రెన్వార్ రెండు కాళ్ళను కుర్చీపైకి లాగుకొని, మోకాళ్ళను చేతులతో చుట్టుకొని, పెద్దల యెదుట ఎవ్వరును కూర్చుండని తీరున కూర్చున్నాడు. అప్పుగా తీసికొన్నది అప్పుగానే తీరినది. ఆ యిచ్చిపుచ్చుకొనుటలో ఎవరికి లాభమో చెప్పలేము.

ఇప్పుడు పటమున మనిషిని విడిచి పరిసరములను చూడవలెను. అభిజ్ఞాన శాకుంతలమున ఆరవ అంకములో దుష్యంతుడు శకుంతల రూపమును అచ్చము దింపినట్లు వ్రాసియు, తృప్తి చెందక, ఇంకను మాలినీనదియు, హంసలును, ఆశ్రమమృగములును వ్రాయవలసి యున్నవని చెప్పును. మనిషి పోలిక ఎంత చక్కగా కుదిరినను, ఆమె యూపిరి పీల్చిన చోటు లేనిదే ఆమె పూర్తి కాదని ఆ రాజునకు తెలియును. రెన్వార్‌కును ఈ సంగతి తెలిసినట్లే యున్నది. బజీయ్ ఎదుటి కాన్వాసుపై వ్రాయబడుచున్నది ఒక చచ్చిన కొంగ; మన పల్లెలలో నారాయణపక్షి యనునట్టి జాతిది. రెక్కలు విరబోసికొని వ్రేలాడు ఆ పక్షిని బజీయ్ వ్రాయుచుండగా, ఆ పక్షినే వేరొక ప్రక్కనుండి సిస్లీ వ్రాసెను. సిస్లీ ఈ పటమున కనబడడు. కాని అతడు చూచిన పక్షి కనబడుచున్నది. వెనుక గోడపై ఒక మంచుదారి బొమ్మ వ్రేలాడుచున్నది. అది మోనే హోన్‌ఫ్లేర్ ప్రాంతమున వ్రాసినది. మోనేయు ఇందు లేడు; అతని మంచు ఉన్నది. ఎదుట కూర్చున్నది ఒక్క బజీయ్ కాగా, అతని చేత, అతని చుట్టును, అతనిని చూచుచున్నవాని కంటను కలిపి నలుగురు స్నేహితులును ఈ చిన్న బూడిద వన్నె గదిలో నిండియున్నారు. ఒక యువకుడు ఎవడో చెప్పుటకు ఖడ్గము నిచ్చిన చిత్రకారుడు వాని తాతముత్తాతలను చెప్పినాడు. రెన్వార్ వాని సహవాసమును చెప్పినాడు. పాతికేండ్ల వయస్సున మనిషికి సహవాసము కంటె నిజమైన వంశము వేరొకటి యుండునా?

ఇంతకంటె నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది మరియొకటి కలదు. బజీయ్ అంతకు ఒకటి రెండు సంవత్సరముల ముందు తన్ను తాను చిత్రించుకొన్నాడు. ఆ పటము నేడు షికాగో నగరమున నున్నది. అందును అతడు రంగుల పలక పట్టుకొనియే యున్నాడు. అదే మనిషి, అదే పొడవు, ఇంచుమించు అదే వయస్సు. కాని అందు అతడు తల త్రిప్పి మన వైపు చూచును. మన వైపు అనుట తప్పు, అద్దము వైపు చూచును. ఆ చూపున పరీక్షయు, కొంత గాంభీర్యమును, నన్ను నేను ఎట్లు తలచుకొనవలెనను విచారమును కలవు. సొంత బొమ్మ వ్రాసికొను ప్రతివానికిని ఈ విధి తప్పదు: తన్ను చూచుకొనుచున్న తన్నే వాడు చూడగలడు. పనిలో మునిగినప్పుడు తన ముఖమెట్లుండునో, పరధ్యానమున పెదవి ఎట్లు వ్రేలాడునో, ప్రియమైన దానిని చూచునప్పుడు కన్ను ఎట్లు చిన్నదగునో, ప్రపంచమున ఏ అద్దమును వానికి చూపజాలదు. అద్దము వైపు తల త్రిప్పిన క్షణముననే అది మాయమగును. మనకు మన ముఖములలో మిక్కిలి నిజమైన ముఖము జీవితమంతయు అపరిచితముగనే యుండును. దానిని ఎరిగినవారు ఇతరులే, అందును అన్యమనస్కులముగా నున్న మనతో ఒకే గదిలో గంటలకొలది కూర్చుండుటకు ఓపిక కలవారు.

మన ప్రాచీనులు చిత్రకళకు చెప్పిన ఆరు అంగములలో సాదృశ్యమొకటి, భావమొకటి. అద్దమును చూచి వ్రాసికొన్న బొమ్మలో సాదృశ్యము కుదురవచ్చును. భావము మాత్రము వ్రాసికొను శ్రమ యొక్క భావమే. షికాగోలోని స్వీయచిత్రము నేర్పున తక్కువది కాదు, చిత్రకారుడు బజీయ్ ఎంతటివాడో దాని వలననే తెలియును. అయినను, అతనితో ఒక సాయంకాలము గడపిన తృప్తి కావలసినచో నేను పోవునది రెన్వార్ పటము వద్దకే.

తరువాతి సంవత్సరములలో ఇతరులును బజీయ్‌ను చిత్రించిరి. 1870లో తన క్రొత్త గది బొమ్మ బజీయ్ తానే వ్రాయగా, అందు ఈజెలు చెంత నిలిచిన పొడవైన బజీయ్ రూపమును మాత్రము ఎడ్వార్ మానే తన చేతితో వ్రాసి పెట్టెను. ఆ సంవత్సరముననే ఫాంతెన్ లతూర్ తన బృందచిత్రమున మానే చుట్టును గుమిగూడిన వారిలో అతనిని ప్రక్క మొగముగా, అందరిని మించిన ఎత్తున నిలిపెను. ముగ్గురును అతనిని ప్రక్కనుండియే చూచుట కాకతాళీయమేమో. నాకు మాత్రము అతడు ఎదురుగా నిలిచి, నన్ను చూడుమని అడుగు స్వభావము కలవాడు కాడేమో యనిపించును.

రెన్వార్ వ్రాసిన ఈ పటమును ఇంప్రెషనిస్టు చిత్రమని పిలువవచ్చునా యని పండితులు అడుగవచ్చును. ఆ పేరు పుట్టుటకు ఇంకను ఏడేండ్లు కలవు. 1874లో నాదార్ అను ఛాయాచిత్రకారుడు పనిచేసిన భవనమున జరిగిన ప్రదర్శనను చూచి, మోనే వ్రాసిన సూర్యోదయపు బొమ్మ పేరును పట్టుకొని లూయీ లెర్వా యను పత్రికా రచయిత వెక్కిరింపుగా ఆ పదమును ప్రయోగించెను. 1867 నాటి రెన్వార్ చేతిలో రంగులింకను ఎండలోనికి రాలేదు. నల్లనిదానికిని తెల్లనిదానికిని నడుమ నున్న మెట్లన్నింటిని ఓర్పుతో దిగుచు ఎక్కుచు, మానే మార్గమున నడచుచున్నాడు. తరువాతి రెన్వార్‌లో ప్రసిద్ధములైన గులాబి చెక్కిళ్ళును, చెట్ల నీడలలో చుక్కలు చుక్కలుగా పడు వెలుతురును ఇందు లేవు. నిజము చెప్పవలెనన్న ఆ కడపటి రెన్వార్ నాకు కొంచెము వెగటు; మితిమీరిన తీపి. ఈ బూడిద వన్నెలోని నిగ్రహము అతడు ముదుసలి యగు వరకు నిలుపుకొనియుండిన బాగుండునని దురాశ పడుచుందును.

అయినను ఆ ఉద్యమమునకు కావలసిన బీజము ఇందే కలదు. బజీయ్ వీపు వంపును చూచి వ్రాసిన కన్ను, తరువాత నీటిపై కదలు వెలుతురును చూచి వ్రాసిన కన్ను వేరు కావు. తాను చూడబడుచున్నానని ఎరుగని వస్తువును చెదరగొట్టక పట్టుకొనుటయే రెంటి పని. ఆ ఉద్యమపు ఆలోచనయు ఈ గుంపులోనే, ఈ సంవత్సరముననే మొలచినది. 1867లో ప్రభుత్వపు వార్షిక ప్రదర్శనయైన సలోన్ న్యాయనిర్ణేతలు మోనే, రెన్వార్, బజీయ్‌లను త్రోసిపుచ్చగా, ఇకమీదట వారి దయకు కాచుకొనక, తామే ఒక విశాలమైన గదిని అద్దెకు తీసికొని తమ బొమ్మలను చూపవలెనని సంకల్పించిన సంగతి బజీయ్ ఇంటికి జాబు వ్రాసెను. డబ్బు చాలక ఆ సంకల్పము అప్పటికి నిలిచిపోయెను. 1874లో అది నెరవేరినప్పుడు ఆ జాబు వ్రాసినవాడు లేడు.

1870 జూలైలో ఫ్రాన్సు ప్రష్యాతో యుద్ధమునకు దిగెను. ఆగస్టులో బజీయ్ తనంతట తాను జువావ్ అను పదాతిదళమున చేరెను. మిత్రులకు అది శుద్ధ అవివేకముగా తోచినది. మోనేయు, చిత్రకారుడు పిస్సారోయు లండన్ చేరిరి. రెన్వార్‌ను అశ్వికదళమునకు పంపగా అతడు యుద్ధమే చూడక జబ్బుపడి తిరిగి వచ్చెను. బజీయ్ నవంబరు 28న, బోన్ లా రోలాంద్ గ్రామము వద్ద, కాల్పులలో కూలెను. ఇరువది తొమ్మిదవ పుట్టినరోజునకు ఎనిమిది దినములు తక్కువ. తండ్రి యుద్ధభూమికి పోయి, కొడుకు కళేబరమును వెదకి, మోంపెల్యేకు తెచ్చుకొనెను.

ఈ సంగతి తెలిసిన పిమ్మట పటమును మునుపటి కన్నుతో చూచుట ఎవరి తరమును కాదు. ఆ వంగిన మెడలో విషాదము కనబడ నారంభించును. ఎదుట వ్రేలాడు చచ్చిన పక్షి శకునమగును. గోడమీది మంచు నవంబరు మాసపు యుద్ధభూమి యగును. ఇట్టి వ్యాఖ్యానములు వ్రాసినవారు కలరు, చదివి కన్నీరు పెట్టుకొన్నవారును కలరు. నాకు మాత్రమిది అన్యాయముగా తోచును. 1867లో ఆ పక్షి శకునము కాదు, చౌకగా దొరకిన ఒక వస్తువు. ఆ మంచు మోనే చలిలో వణకుచు వ్రాసిన మంచు. ఆ మెడ వంగినది పని వలన. రెన్వార్ తన స్నేహితుడు చచ్చిపోవునని ఎరుగడు. ఎరిగియుండినచో ఇంత తేలికగా, ఆ పాదరక్షల యెరుపు పెట్టునంత ఉల్లాసముగా వ్రాసియుండడు. అల్పాయుష్కుల బొమ్మలపై మనము చేయు దౌర్జన్యమిదియే: వారు జీవించిన దినములను వారి కడపటి దినమునకు ఉపోద్ఘాతములుగా మార్చివేయుదుము. మూడేండ్ల తరువాత వచ్చు తూటాను మూడేండ్ల ముందరి గదిలోనికి తెచ్చుటకు మనకేమి అధికారము? ఆ గదిలో ఒక బొమ్మ వేళకు పూర్తి కావలెనను తొందర కలదు, పక్షి పాడగునేమో యను భయము కలదు, మాపటి భోజనమునకు ఎవరి వద్ద డబ్బున్నదను చింతయు బహుశః కలదు. అవి చాలవా?

ఇట్లు వాదించుచునే, ఆ పటమును మృత్యువు నీడలో తప్ప చూడజాలని ఒక్కని హక్కును మాత్రము నేను ఒప్పుకొందును.

రెన్వార్ పటమును మానే ఇష్టపడి తన వద్ద ఉంచుకొనెను. 1876లో ఇంప్రెషనిస్టుల రెండవ ప్రదర్శనకు అతడు దానిని ఎరువిచ్చెను. మరణించి ఐదేండ్లు దాటిన చిత్రకారుడు తాను తలపెట్టిన ప్రదర్శనలో ఆ విధముగా, వ్రాసినవాడుగా గాక వ్రాయబడినవాడుగా, పాల్గొనెను. అప్పుడు తండ్రి గస్తోన్ బజీయ్ ఆ పటమును కోరెను. ఈ తండ్రి సామాన్యుడు కాడు. 1868లో ఫ్రెంచి ద్రాక్షతోటలు కారణము తెలియక ఎండిపోవుచుండగా, ప్లాంషోన్, సాయూ అను ఇరువురితో కలిసి, పెరికిన ద్రాక్షచెట్ల వేళ్ళపై ఫిలొక్సెరా యను సూక్ష్మకీటకమును కనుగొన్న ముగ్గురిలో నొకడు. వేళ్ళను పరీక్షించి చూచుటకు అలవడిన కన్ను అతనిది. కొడుకు ముఖమును అతడు ఎరుగనివాడా? బాల్యమునుండి ఎరుగును. 1867లో బజీయ్ తానే వ్రాసిన కుటుంబచిత్రమున, మోంపెల్యే చెంత తమ తోటలో చెట్టు నీడను కూర్చున్న తండ్రి ఉన్నాడు, వెనుక ఒక మూలను కొడుకును ఉన్నాడు. కాని ఇంటివారు చిత్రము కొరకై తలలెత్తి చూచుచున్న ముఖములవి. పారిస్‌లో, తాను పంపిన డబ్బుతో అద్దె కట్టిన గదిలో, తాను కోరిన వైద్యమును విడిచి కొడుకు ఎంచుకొన్న పనిలో, ఒంటరిగా నున్నప్పుడు వాని ముఖము ఎట్లుండెడిదో తండ్రికి చూపువారెవరు? ఆ ముఖము అద్దములో పడనిది, ఇంటికి వచ్చినప్పుడు తోడు తేనిది. దానిని చూచినవాడు ప్రక్కన కూర్చున్న దర్జీ కొడుకు ఒక్కడే.

ఆ ముఖమునకు గస్తోన్ బజీయ్ ఇచ్చిన వెల గమనింపదగినది. మోనే 1866లో ఎండలో నిలిచి వ్రాసిన "తోటలో స్త్రీలు" అను పటము మహాపరిమాణము కలది, రెండున్నర మీటర్ల ఎత్తు. పై భాగము వ్రాయుటకు తోటలో కందకము త్రవ్వించి పటమును అందులోనికి దింపుచు వ్రాసినాడు. సలోన్ దానిని త్రోసిపుచ్చగా, ఆకలితో నున్న మోనేను ఆదుకొనుటకై బజీయ్ దానిని 2,500 ఫ్రాంకులకు కొని, నెలకు 50 ఫ్రాంకుల చొప్పున చెల్లించుచు వచ్చెను. తండ్రి ఆ తోటను, ఆ ఎండను, ఆ నాలుగు రెపరెపలాడు పావడాలను మానే చేతికిచ్చి, మారుగా కొడుకు ప్రక్క మొగమును తీసికొనెను. చిత్రకళను తూచు త్రాసులో చూచినచో అతడు నష్టపోయినాడనవలెను. "తోటలో స్త్రీలు" ఆ తరమువారు వ్రాసిన వానిలో నొక మైలురాయి. వ్యాపారము తెలిసిన ద్రాక్షతోటల యజమానికి ఆ లెక్క తెలియకపోలేదు.

తరువాత మానేకును మోనేకును ఒక మాట పట్టింపు రాగా, ఆ పెద్ద పటము మోనే వద్దకే తిరిగి పోయెను. అతడు ముదుసలి యగు వరకు దానిని తన యొద్దనే ఉంచుకొని, 1921లో ప్రభుత్వమునకు 2,00,000 ఫ్రాంకులకు అమ్మెను. ఒకనాడు త్రోసిపుచ్చిన వారిచేత అంత సొమ్ము కక్కించుటలో ఆ వృద్ధునికి డబ్బును మించిన తృప్తి కలిగియుండునని నా ఊహ. 1924లో బజీయ్ తమ్ముడు మార్క్ వీలునామా వలన రెన్వార్ పటమును జాతికి చేరెను. దానికి ప్రభుత్వము ఒక్క ఫ్రాంకును చెల్లింపవలసి రాలేదు.